చెరువు చిన్న చేపలు ఏ కాలంలో ఏం తింటాయి: వరంగల్ ప్రాంతానికి ఒక మార్గదర్శి

పరకలు, జెల్లలు, పాపెరలు, ఇసుక దొందులు, గొరకలు వంటి చిన్న చేపలను ఎవరూ తెచ్చి చెరువులో వదలరు. బొచ్చె, రోహు, బంగారు తీగ పిల్లలను ప్రభుత్వమో, మత్స్యకారుల సంఘమో ఏటా వదులుతుంది. చిన్న చేపలు మాత్రం మత్తడి (అలుగు) నీటితో, కాలువల వెంట, పొలాల మధ్యగా తమంతట తామే వచ్చి, తామే పెరిగి, తామే గుడ్లు పెట్టుకుంటాయి. వాటికి దాణా వేసేవారు లేరు కాబట్టి ఏ కాలంలో నీరు ఏమిస్తే అదే వాటి మేత. ఈ మేత వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ జిల్లాల చెరువుల్లో ఏడాదిలో కనీసం నాలుగుసార్లు మారుతుంది. ఆ మార్పు తెలిసినవారికి గాలానికి ఏ ఎర కట్టాలో, కుంటలో దాణా ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో కూడా తెలుస్తుంది. ఇంటి కూరకు గాలం వేసేవారినీ, పొలం పక్కన చిన్న కుంటలో చేపలు పెంచుకునేవారినీ దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను.

మొదట నోటిని, తరువాత పేగును చూడాలి

చేప ఏం తింటుందో తెలుసుకోవడానికి దాని పేరు తెలియనవసరం లేదు, నోరు చూస్తే సగం విషయం తెలుస్తుంది. నోరు పైకి తిరిగి ఉన్న సన్నని వెండి రంగు చేపలు నీటి పైపొరలో తిరుగుతూ, నీటి మీద పడిన చీమలను, దోమలను, చిన్న పురుగులను అందుకుంటాయి. నోరు ముఖానికి సరిగ్గా ముందు ఉన్న పరకలు నడినీటిలో తిరుగుతూ నాచు, చిన్న పురుగులు, గింజల ముక్కలు, ఏది దొరికితే అది తింటాయి. నోరు కిందికి ఉండి పక్కన మీసాలున్న జెల్లలు మసక నీటిలోనూ, చీకటిలోనూ మీసాలతో తడిమి అడుగున ఉన్న పురుగులను, చిన్న రొయ్యలను పట్టుకుంటాయి. పాము ఆకారంలో మూతి సాగిన పాపెర బురదలోకి, రాళ్ల సందుల్లోకి మూతి దూర్చి పురుగులను లాగుతుంది. ఇసుక దొందు అడుగున ఇసుక రంగులో కలిసిపోయి కదలకుండా పడుకొని, దగ్గరకు వచ్చిన చిన్న చేపనో రొయ్యనో ఒక్కసారిగా మింగుతుంది. ములుగు అడవుల్లోని రాతి వాగుల్లో గడ్డం కింద అంటుకునే తిత్తి ఉన్న చిన్న చేపలు కనిపిస్తాయి. గర్ర జాతికి చెందిన ఆ చేపలు ప్రవాహానికి కొట్టుకుపోకుండా రాతిని పట్టుకొని దాని మీది పాచిని గీకి తింటాయి. ఒంట్లోంచి వెన్నుముల్లు కనిపించేంత పారదర్శకమైన చందా జాతి చేపలది వింతైన అలవాటు. నీటిలో గంతులు వేసే సూక్ష్మజీవులతో పాటు ఇతర చేపల పొలుసులను కూడా అవి కొరికి తింటాయి. వలలో చిక్కిన చేపల ఒంటి మీద అక్కడక్కడా పొలుసులు ఊడిపోయి కనిపిస్తే అది జబ్బు అని వెంటనే అనుకోకుండా, చెరువులో ఈ చేపలు ఎక్కువగా ఉన్నాయేమో చూడాలి.

నోరు చెప్పని సంగతిని పేగు చెబుతుంది. కూర కోసం శుభ్రం చేసేటప్పుడు నాలుగైదు చేపల పేగులను పారేయకుండా తెల్లని పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోసి అందులో వేసి, సన్నని కత్తెరతో నిలువునా చీల్చి చూడండి. ముదురు ఆకుపచ్చగా ఉంటే చేప నాచు తిన్నది. గోధుమ రంగు మట్టితో పాటు కుళ్లిన ఆకు పీచు ఉంటే అడుగు మేత తిన్నది. సన్నని కాళ్లు, రెక్కల ముక్కలు, నల్లని తలలు కనిపిస్తే పురుగులు తిన్నది. చిన్న భూతద్దం ఉన్నా ఇవి స్పష్టంగా తెలుస్తాయి. నాచు ఎక్కువగా తినే చేపల పేగు ఒంటి పొడవు కంటే చాలా ఎక్కువగా చుట్టలు చుట్టుకొని ఉంటుంది. చేపలను, పురుగులను తినే కొర్రమీను వంటి వాటి పేగు పొట్టిగా ఉంటుంది. పరకలు, బొచ్చెలు, రోహులు ఉన్న కుటుంబపు చేపలకు అసలు జీర్ణాశయమే ఉండదు. గొంతులోని పళ్లతో నలిపిన మేత నేరుగా పేగులోకి పోతుంది కాబట్టి అవి ఒక్కసారే కడుపు నిండా తిని పడుకోలేవు, రోజంతా కొద్దికొద్దిగా తింటూ ఉండాలి. కుంటలో దాణాను ఒక్కసారే కుమ్మరించకూడదు అనడానికి అసలు కారణం ఇదే.

నీటిని ఎలా పరిశీలించాలి

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. నీరు సుమారు 10 డిగ్రీలు వేడెక్కితే ఒంట్లో జరిగే పనుల వేగం దాదాపు రెట్టింపవుతుంది, ఆకలీ అదే విధంగా పెరుగుతుంది. మన చెరువుల చేపలకు 25 నుంచి 32 డిగ్రీల నీరు బాగా ఒప్పుతుంది. 20 డిగ్రీల కంటే దిగితే మేత బాగా తగ్గుతుంది. కాబట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్న ఒక ఉష్ణమాపకాన్ని తాడుకు కట్టి, మోకాలి లోతు నీటిలో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడడం అలవాటు చేసుకోవాలి.

రెండో పరీక్షకు ఏ పరికరమూ అవసరం లేదు. ఎండ ఉన్న పూట అరచేతిని మణికట్టు దగ్గర వంచి, మోచేతి వరకు నీటిలో ముంచి చూడాలి. మోచేయి మునిగే సరికి అరచేయి కనబడీ కనబడనట్టుగా ఆకుపచ్చ నీటిలో కలిసిపోతే నీటిలో సహజ మేత చక్కగా ఉన్నట్టు. మణికట్టు దాటకముందే కనబడకుండా పోయి నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే నాచు మితిమీరింది, రాత్రి పూట ఆక్సిజన్ చాలదు. అరచేయి స్పష్టంగా కనబడుతూనే ఉంటే మేత తక్కువగా ఉంది. నీరు మట్టి రంగులో ఉన్నప్పుడు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే అప్పుడు కనబడకపోవడానికి కారణం మట్టి.

మృగశిర నుంచి మఖ వరకు

మృగశిర కార్తె ప్రవేశించే జూన్ రెండో వారానికి చెరువులు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. శిఖం భూమి (చెరువు లోపలి నేల) నెర్రెలు వారి ఉంటుంది, అందులో గరిక, తుంగ, పశువుల పేడ, ఎండిన తామరాకులు పోగుపడి ఉంటాయి. రుతుపవనాల తొలి వానలకు వాగుల నుంచి వచ్చే నీరు ఈ మొత్తాన్ని ముంచుతుంది. ఏడాది మొత్తంలో చిన్న చేపల మేతకు ఇంతకంటే పెద్ద మార్పు మరొకటి లేదు, అందువల్ల దీని గురించి కొంత విపులంగా చెప్పాలి.

తొలి నీరు ఎర్రగా, మట్టిగా ఉంటుంది కాబట్టి వెలుతురు లోపలికి పోదు. వెలుతురు లేనిదే నాచు పెరగదు కాబట్టి నాచు మీద ఆధారపడే మోల అనే చిన్న చేప వంటి వాటికి ఈ రెండు మూడు వారాలు మేత కరువు. పురుగులు తినే చేపలకు మాత్రం ఇదే కాలంలో మేతకు కొదవ ఉండదు. పుట్టల్లోకి నీరు చేరి చీమలు, వానపాములు, మిడతలు, గడ్డి పురుగులు వరదతో కొట్టుకొస్తాయి. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేచి నీటి మీద రాలిపడతాయి. అప్పుడు పైపొరలో తిరిగే సన్నని చేపలు చిన్న చిన్న వలయాలు రేపుతూ నీటి పైకి ఎగిరి మరీ వాటిని అందుకుంటాయి. గాలం వేసేవారు ఈ సమయంలో పిండి ముద్దలు మానుకొని, వానపామును గోరంత ముక్కలుగా చేసి, 14 లేదా 16 సంఖ్య ఉన్న చిన్న ముల్లుకు ముల్లు కనబడకుండా గుచ్చాలి. ముల్లు సంఖ్య పెరిగే కొద్దీ ముల్లు చిన్నదవుతుందని గుర్తుంచుకోవాలి. పరక నోరు చాలా చిన్నది కాబట్టి పెద్ద ముల్లు వేస్తే ఎర పోతుంది గాని చేప పడదు. జొన్న దంటు బెండును తేలికగా చెక్కి కట్టుకుంటే పరక లాగిన సన్నని లాగుడు కూడా తెలుస్తుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది ఎర కంటే ముఖ్యం. వాగు వచ్చి చెరువులో కలిసే చోట మట్టి నీరు, తేట నీరు పక్కపక్కనే ఉండి మధ్యలో ఒక గీతలాగా కనిపిస్తుంది. కొట్టుకొచ్చిన పురుగులు ఆ గీత వెంట పోగవుతాయి, చేపలు తేట నీటి వైపు నిలబడి వాటిని ఏరుకుంటాయి. అలాగే కొత్తగా మునిగిన గరిక అంచు కూడా మంచి చోటు. వరద ఉధృతంగా వస్తున్నప్పుడు మాత్రం చేపలు మేత మానేసి రక్షణ వెతుక్కుంటాయి, మనిషికీ ఆ చోటు ప్రమాదకరం. వాన ఆగి ప్రవాహం నెమ్మదించిన తరువాత వెళ్లాలి.

ఇదే కాలంలో చిన్న చేపలకు ఈడు వస్తుంది. మత్తడి దూకుతున్నప్పుడు, కాలువలు పారుతున్నప్పుడు అవి గుంపులుగా ఎదురెక్కి, లోతు లేని గడ్డి నీటిలోకి చేరి గుడ్లు పెడతాయి. గుడ్లతో కడుపు నిండిన చేపకు పేగులో చోటు ఉండదు, అది చాలా తక్కువగా తింటుంది. ఎర వేసినా పట్టించుకోకుండా కాలువకు ఎదురీదే చేపలు కనిపిస్తే కారణం ఇదేనని తెలుసుకోవాలి. ఆ సమయంలో కాలువకు అడ్డంగా వల కట్టి, బుట్టలు పెట్టి ఎదురెక్కే చేపలను మొత్తంగా పట్టే పద్ధతి మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నది. అది మానాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఒక్క పరక కడుపులో వందల కొద్దీ గుడ్లు ఉంటాయి. ఆ రోజు పట్టిన గంపెడు చేపలు కార్తీకానికి చెరువులో ఉండవలసిన మందను ముందే ఖాళీ చేస్తాయి. గాలానికి పడిన చేప పొట్టను బొటనవేలితో మెత్తగా నొక్కినప్పుడు గుడ్లు బయటకు వస్తే, తడి చేతితో పట్టుకొని వెంటనే నీటిలో వదలాలి.

నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే పగులుతాయి. పిల్లలు మొదట తమ పొట్టకు అంటుకున్న సొనతో బతికి, తరువాత కంటికి ఆనని సూక్ష్మజీవులను తింటాయి. మునిగిన గడ్డి, పేడ కుళ్లి బాక్టీరియా పెరుగుతుంది, దాని మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి మీద చేపపిల్లలు పెరుగుతాయి. నీటి అంచున గడ్డి లేకుండా చేస్తే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది. పిల్లలకు కొంచెం బలం వచ్చాక తెల్లని చుక్కల్లా గంతులు వేసే డాఫ్నియాల వంటి జంతు ప్లవకాలకు (నీటిలో తేలాడే చిన్న ప్రాణులకు) మారతాయి. గుడ్లు పెట్టి అలసిన పెద్ద చేపలు ఆశ్లేష, మఖ కార్తెలు వచ్చేసరికి మళ్లీ ఆబగా మేతకు వస్తాయి. ఆగస్టు నడుమ వానపాము ఎరకు పరకలు, జెల్లలు పట్టినంతగా మరెప్పుడూ పట్టవు.

కొర్రమీను చిన్న చేప కాదు గాని, తెలంగాణ రాష్ట్ర చేప కాబట్టి ఒక మాట చెప్పాలి. వానకాలంలో చెరువు అంచున నారింజ ఎరుపు రంగు పిల్లల గుంపు నీటి పైకి వచ్చి పోతూ కనిపిస్తే దాని కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టు. ఆ చేపను గాలం వేసి తీస్తే పిల్లలకు కాపలా పోతుంది, చుట్టూ ఉన్న పరకలు, జెల్లలే ఆ పిల్లలను తినేస్తాయి.

పుబ్బ నుంచి కార్తీకం వరకు

సెప్టెంబరు వచ్చేసరికి పాఖాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలపు చెరువుల్లో వరద తగ్గి మట్టి అడుగుకు చేరుతుంది. పైనుంచి వెలుతురు, అడుగు నుంచి ఎరువు అందడంతో నీరు లేత ఆకుపచ్చగా మారుతుంది. వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సన్నని నాచు), వాటిని తినే జంతు ప్లవకాలు రెండూ సమృద్ధిగా ఉంటాయి. చిన్న చేపలు ఒంట్లో కొవ్వు పట్టేది ఈ రెండు మూడు నెలల్లోనే. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో పరక కడుపు చీల్చి చూస్తే పేగుల చుట్టూ తెల్లని కొవ్వు పట్టీ కనిపిస్తుంది.

జంతు ప్లవకాలు పగలు లోతుకు దిగి, చీకటి పడే వేళ పైకి వస్తాయి. వాటిని తినే చిన్న చేపలు కూడా తెల్లవారుజామున, సంధ్య వేళలో పైకి చేరతాయి. అందుకని ఈ కాలంలో ఎర లోతును పూటను బట్టి మార్చాలి. సూర్యోదయానికి బెండుకు జానెడు కిందుగా ఎర వేసి, ఎండెక్కే కొద్దీ బెండును పైకి జరిపి మూరెడు, రెండు మూరల లోతుకు దించాలి. మేత పుష్కలంగా ఉన్నప్పుడు చేప ఎంచుకొని తింటుంది కాబట్టి పెద్ద వానపాము ముక్క కంటే కందిగింజలో సగమంత పిండి ముద్ద బాగా పని చేస్తుంది. గోధుమ పిండిని కొద్దిగా పల్లి చెక్క పొడితో కలిపి, నీటిలో వెంటనే కరగనంత గట్టిగా పిసకాలి. మెతుకు కూడా సరిపోతుంది. బతుకమ్మలు వేసే రోజుల్లో మెట్ల దగ్గర పరకలు గుంపులు కట్టేది పూల కోసం కాదు, పూలతో పాటు నీటిలో పడే పిండి పదార్థాల కోసం, పూల కాడల్లోని చిన్న పురుగుల కోసం.

చెరువు తూము నుంచి పొలాలకు పారే నీటితో పరక పిల్లలు వరి మళ్లలోకి కూడా చేరి, అక్కడ దోమ పిల్లలను, ఆకుల మీద నుంచి రాలిన పురుగులను తిని త్వరగా పెరుగుతాయి. పురుగుమందు కొట్టిన మడి నీటిని నేరుగా కాలువలోకి వదిలితే మొదట నీటి పురుగులు చస్తాయి, తరువాత వాటిని తినే చేపలు చస్తాయి లేదా ఆకలితో చిక్కిపోతాయి. మందు కొట్టిన తరువాత కనీసం కొన్ని రోజులు మడి నీటిని కట్టి ఉంచడం రైతు చేతిలో ఉన్న పని.

చలికాలం

డిసెంబరు, జనవరి నెలల్లో వరంగల్‌లో రాత్రి చలి బాగా ఉంటుంది, ఆదిలాబాద్ వైపు ఇంకా ఎక్కువ. లోతు లేని కుంటలు పెద్ద చెరువుల కంటే త్వరగా చల్లబడతాయి. ఉదయం నీరు 20 డిగ్రీల లోపు ఉంటే గాలం వేసి కూర్చోవడం వృథా. పదకొండు గంటల నుంచి మూడు గంటల వరకు, ఎండ నేరుగా పడే వైపు, కట్ట రాళ్ల పక్కన మోకాలి నుంచి నడుము లోతు నీటిలో ప్రయత్నించాలి. ఎండకు వేడెక్కిన ఆ రాళ్ల మీద పాచి పెరుగుతుంది, పరకలు దాన్ని గీకుతూ కనిపిస్తాయి. అడుగు బురదలో ఎర్రని సన్నని పురుగులు ఈ కాలంలో కూడా ఉంటాయి కాబట్టి జెల్లలు, పాపెరలు లోతులో వాటి మీద బతుకుతాయి. ఎర ఎంత చిన్నదైతే అంత మంచిది. యాసంగి నాట్లకు తూము తెరిచినప్పుడు తూము కింద కాలువ మొదట్లో చెరువు నుంచి కొట్టుకొచ్చే ప్లవకాల కోసం చిన్న చేపలు గుమిగూడతాయి, చలికాలంలో నాకు అన్నిటికంటే నమ్మకమైన చోటు అదే.

ఎండాకాలం

శివరాత్రి దాటి నీరు వేడెక్కగానే ఆకలి పెరుగుతుంది, మార్చి నెల మేతకు చాలా అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో పరిస్థితి తలకిందులవుతుంది. నీరు తగ్గే కొద్దీ చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి, మేతకు పోటీ పెరుగుతుంది, చిన్నవాటిని పెద్దవి తినడం ఎక్కువవుతుంది. నీరు వేడెక్కితే ఆక్సిజన్‌ను తక్కువగా పట్టుకుంటుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలిగితే, 30 డిగ్రీల నీరు సుమారు 7.5 మిల్లీగ్రాములే కరిగించుకోగలదు. పైగా చిక్కటి నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చినా, రాత్రంతా తానే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తూ ఉంటే ఆకలిగా ఉన్నాయని అనుకొని దాణా వేస్తారు. అవి ఊపిరి కోసం పైకి వచ్చాయి. మేతకు వచ్చిన చేప ఒక వలయం రేపి వెంటనే లోపలికి మునుగుతుంది, మనిషి నీడ పడితే పారిపోతుంది. ఊపిరాడని చేప నోటిని నీటి అంచుకు ఆనించి అక్కడే ఉంటుంది, చేయి చాపినా నెమ్మదిగానే కదులుతుంది. ఆ స్థితిలో వేసిన దాణా తినకుండా అడుగున కుళ్లి, మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను కూడా హరిస్తుంది. కుంటలో ఇలా కనిపిస్తే దాణా ఆపి, బోరు నీటిని ఎత్తు నుంచి జల్లులాగా పడేటట్టు వదలాలి, లేదా మోటారుతో కుంట నీటినే తోడి మళ్లీ అందులోకే జల్లుగా వదలాలి.

కొర్రమీను, మార్పు అనే మీసాల చేప, ఇంగిలాయి, గొరక గాలిని కూడా పీల్చుకోగలవు కాబట్టి అవి మే నెల బురద మడుగుల్లో కూడా మేత మానవు. పరకలు మాత్రం సూర్యుడు వచ్చిన రెండు గంటల తరువాత నుంచి పది గంటల వరకు, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక తింటాయి. జెల్లలు చీకటి పడ్డాక అడుగున వానపాము ఎరకు బాగా పడతాయి. జెల్ల వీపు మీద, రెండు పక్క రెక్కల దగ్గర గట్టి ముళ్లు ఉంటాయి, అవి గుచ్చుకుంటే చేయి వాస్తుంది. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది, చాలా నొప్పి కలుగుతుంది. తడి గుడ్డతో తల వెనక గట్టిగా పట్టుకున్న తరువాతే గాలపు ముల్లు తీయాలి.

ఎండాకాలం చివర మిగిలిన ఆఖరి మడుగును మోటారుతో తోడి అన్ని చేపలనూ పట్టడం మంచిది కాదు. మృగశిరకు గుడ్లు పెట్టవలసిన తల్లి చేపలు ఆ మడుగులోనే ఉంటాయి. మత్స్యకారుల సహకార సంఘం హక్కు ఉన్న చెరువుల్లో గాలం వేయడానికి కూడా వారి అనుమతి తీసుకోవాలి. పాఖాల వంటి అభయారణ్యాల పరిధిలోని నీళ్లకు అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి.

కుంటలో పెంచేవారు దాణా వేసే పద్ధతి

చిన్న కుంటలో బొచ్చె, రోహులతో పాటు పరకలు, మోల చేపలు ఉండడం నష్టమని కొందరు వాటిని ఏరి పారేస్తారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించను. మోల కన్నుల్లోనూ, కాలేయంలోనూ విటమిన్ ఏ పుష్కలంగా ఉంటుంది. తల తీయకుండా వండితే పిల్లలకు, బాలింతలకు దానికి సాటి వచ్చే చేప తక్కువ. ఏరి తీయవలసినవి తిలాపియా, నిషేధంలో ఉన్న ఆఫ్రికా మార్పు చేప. తిలాపియా ఏడాదిలో పలుసార్లు పిల్లలు పెట్టి మేత మొత్తాన్ని తానే తింటుంది, ఆఫ్రికా మార్పు చిన్న చేపలనే తింటుంది.

దాణాకు తవుడు, పల్లి చెక్క సమానంగా కలిపి వాడటం మన రైతులకు అలవాటే. చెక్కను ముందురోజు రాత్రి నానబెట్టి, ఉదయం తవుడు కలిపి ముద్ద చేయాలి. చేపల మొత్తం బరువులో రోజుకు 2 నుంచి 3 శాతం దాణా సరిపోతుంది. ఉదాహరణకు కుంటలో 10 కిలోల చేపలుంటే రోజుకు 200 నుంచి 300 గ్రాములు. బరువు అంచనాకు నెలకోసారి వల వేసి, పడిన చేపలను తూచి సగటు తీసి, కుంటలో ఉన్నాయనుకున్న సంఖ్యతో గుణించాలి. ముద్దను నీటిలో విసరకుండా, కింద చిన్న రంధ్రాలు చేసిన సంచిలో నింపి వెదురు గెడకు వేలాడదీస్తే చేపలు వచ్చి పొడుచుకొని తింటాయి, ఎంత మిగిలిందో కూడా తెలుస్తుంది. పరకలకు రంధ్రాల నుంచి రాలే సన్నని పిండే చాలు. రెండు గంటల తరువాత సంచి ఖాళీగా ఉంటే మరునాడు కొద్దిగా పెంచాలి, సగం మిగిలితే అంత మేర తగ్గించాలి.

కాలాన్ని బట్టి మార్పులు ఇలా ఉంటాయి. వానకాలంలో ఎండ ఉన్న రోజు పూర్తి దాణా వేయాలి, ముసురు పట్టిన రోజు సగం వేయాలి, మబ్బు విడవకుండా రెండు మూడు రోజులు ఉంటే పూర్తిగా ఆపాలి, ఎందుకంటే ఎండ లేని రోజున నాచు చాలినంత ఆక్సిజన్ ఇవ్వదు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు నీటిలోనే మేత ఉంటుంది కాబట్టి, మోచేతి పరీక్షలో నీరు చక్కని ఆకుపచ్చగా ఉంటే 2 శాతం మించనవసరం లేదు. చలికాలంలో పదకొండు గంటల తరువాత, నీటి వేడి చూసి, 20 డిగ్రీల కంటే తక్కువ ఉంటే సగానికి తగ్గించి వేయాలి. మార్చిలో క్రమంగా 3 శాతానికి పెంచి, ఏప్రిల్ చివర నుంచి కుంటలో నీటి లోతు తగ్గే కొద్దీ మళ్లీ తగ్గించాలి. ఎండాకాలంలో ఉదయం ఎనిమిది నుంచి పది లోపు ఒక్క పూటే సంచి కట్టడం మేలు, సాయంత్రం వేసిన దాణా మిగిలితే రాత్రి నీరు చెడుతుంది.

వానకాలంలో దాణా నిల్వ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పల్లి చెక్కకు తేమ తగిలితే బూజు పడుతుంది, ఆ బూజులో తయారయ్యే అఫ్లాటాక్సిన్ అనే విషం చేప కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, నానబెట్టినా ఉడికించినా పోదు. సంచులను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు ఆనకుండా పెట్టి, నెలకు సరిపడేంత మాత్రమే కొనాలి. పచ్చని లేదా నల్లని బూజు కనిపించిన చెక్కను చేపలకు గాని, పశువులకు గాని, కోళ్లకు గాని వేయకుండా గోతిలో పూడ్చాలి.